విశ్వమిత్ర నామవిచారము

మిత్రశబ్దము సూర్యునియందుఁ బుంలింగము, స్నేహితార్థమున నపుంసకము. చెలికాఁడైనను జెలికత్తెయైనను మిత్రమే. విశ్వశబ్దముతోఁ గూడినపుడు, ఋషినామమైనచో దీర్ఘము వచ్చి విశ్వామిత్రుఁడగునని పాణినీయము. తక్కినచోట్ల హ్రస్వమే, విశ్వమునకు మిత్రము విశ్వమిత్రము. ఈ యర్థమునే యిచ్చు పేరు ధరించి, స్త్రీపురుషవ్యపదేశములను రెంటిని విడిచి, లోకసేవయందు జీవితమును గడపిన యొకరు 18వ శతాబ్దమున నమెరికా దేశమున నుండిరి. ఆ నామమునకుఁ బ్రామాణ్య మెక్కడిదని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

1752వ సంవత్సరమున రోడ్ ఐలండు సీమలోని కంబర్లాండునందు, క్వేకరు మతస్థుల యింట, జెమైమా విల్కిన్సన్ అను బాలిక జన్మించెను. 1776 అక్టోబరు మాసమున నామెకుఁ దీవ్రజ్వరము సోఁకెను. ప్రాణాపాయము గడచి శయ్యనుండి లేచినవారు తాము జెమైమా కామనియు, ఆమె మృతినొందెననియు, ధర్మబోధకై దైవము పంపిన యాత్మ యొకటి యా దేహమును బ్రవేశించెననియుఁ జెప్పిరి. తమ పేరు 'పబ్లిక్ యూనివర్సల్ ఫ్రెండ్' అనిరి. క్వేకరులది మిత్రసమాజము, ఊరూరఁ దిరిగి బోధించువారిని 'పబ్లిక్ ఫ్రెండ్' అనుట యా సమాజపు వాడుక. ప్రసిద్ధమైన యీ పదమునకు విశ్వవాచకమును జేర్చుటయే నూతనము. స్త్రీయా, పురుషుఁడా యని యడిగినవారికిఁ దాము తామేయని యుత్తరము.

ఇంగ్లీషున 'హీ', 'షీ' యను సర్వనామములు స్త్రీపురుషభేదమును దెలుపును. కావున శిష్యులు సాధారణముగా వానిని విడిచి, ఫ్రెండు వచ్చెను, ఫ్రెండు పలికెను అని నామమునే మరల మరలఁ బ్రయోగించిరి. మన 'వారు' శబ్దమున నీ చిక్కు లేదు. అందుచే నిక్కడ దానినే గ్రహించితిని.

పేరు పెట్టుకొనుట యొక దినపుఁ బని. దానిని సార్థక మొనర్చుట జీవితకాలపుఁ బని. విశ్వమిత్రమువారు రోడ్ ఐలండు, కనెక్టికటు, మసాచుసెట్సు, పెన్సిల్వేనియా సీమలలో సంచరించుచు, ముక్తి యెల్లరకును సాధ్యమని బోధించిరి. బానిసలను గలిగియున్న శిష్యులకు నచ్చఁజెప్పి, వారిచే దాస్యవిముక్తి చేయించిరి. 1788లో శిష్యులు కొందఱు న్యూయార్కు సీమయొక్క పశ్చిమారణ్యమున, సెనెకా సరస్సు చెంత, నివాస మేర్పఱచుకొనిరి. 1790లో విశ్వమిత్రమువారు నచటికిఁ జేరిరి. అడవి నఱకి పొలములు చేసిరి, పిండిమర నిర్మించిరి. స్త్రీలు పెక్కండ్రు అవివాహితలుగా నుండి సంఘకార్యములయందు ముఖ్యులైరి. 1794లో అమెరికా ప్రభుత్వమునకును ఇరొక్వా జాతులకును కానన్‌డైగువాలో జరిగిన సంధిసభయందు విశ్వమిత్రమువారు ప్రార్థనము చేసి ప్రసంగించిరి. తుదకు 1818 నాఁటి మరణశాసనమున, సంఘములోని దరిద్రుల పోషణమునకుఁ దమ యాస్తినుండి యేర్పాటు చేసిరి.

ఇందుకు విరుద్ధమైన సాక్ష్యమును గలదు. భూవివాదములలో ధనికులైన శిష్యులు కొందఱు పగవారైరి. దైవదూషణాభియోగముపై 1800లో న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. శిక్షార్హమగు నేరము లేదని యది తేల్చెను. 1821లో డేవిడ్ హడ్సన్ ప్రకటించిన చరిత్రము వారిని వంచకురాలిగాఁ జిత్రించి, పూర్వనామమును స్త్రీలింగమును నిలిపెను. పిదపి చరిత్రకారులు పెక్కండ్రు ఆ ప్రయోగమునే యనుసరించిరి.

రెండు ప్రయోగములలో నేది గ్రాహ్యము? దార, భార్యా, కలత్ర శబ్దములు మూఁడును ఇల్లాలినే చెప్పుచు, వరుసగాఁ బుంస్త్రీనపుంసకములై యున్నవి. దేహచిహ్నములను జూచి శబ్దలింగమును నిర్ణయింపరాదనియు, అది లోకాశ్రయమనియు భాష్యకారుని మతము. ఇచట లోకమనఁగా నెవరు? దూరమునుండి విని వ్రాసినవారా, వారితోఁ గలసి యడవిని బొలము చేసి యా నీడఁ గాఁపురము చేసినవారా? ఎవరికి సేవ యందెనో వారి ప్రయోగమే నాకు శిష్టప్రయోగముగాఁ దోఁచుచున్నది. 1819 జూలై 1వ తేదీని దేహము చాలించినపుడు, ఫ్రెండు ఇచటినుండి వెడలెనని సంఘపు మరణపుస్తకమున వ్రాసికొనిరి. నలువదిరెండేండ్లకు మించి సేవచే నిలిచిన పేరది.

నేఁడు స్త్రీపురుషవిభాగమున నిముడనివారు పలువురు విశ్వమిత్రమువారిని దమ పూర్వులలో గణించుచున్నారు. నాఁటిది మతభాష, నేఁటిది స్వానుభవభాష. రెంటిని నొకటిగాఁ జేయుట సాహసము. అయినను, మన బడులలో నపుంసకమనఁగానే యేదియో లోపించినదని బాలురకుఁ జెప్పుట కలదు. మిత్రశబ్దము నపుంసకమే, దానికిఁ గొఱత యేమియు లేదు.