మెదడు పొరల క్షయ: కుందేలు నేర్పినది, నేర్పలేనిది

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలకు క్షయ సోకితే దానిని ట్యూబర్క్యులస్ మెనింజైటిస్ అంటారు. ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ ఈ వ్యాధి లక్షణాలను వర్ణించిన గ్రంథం ఆయన మరణానంతరం 1768లో వెలువడింది గాని, కారణం తెలియడానికి మరో శతాబ్దం పైగా పట్టింది. క్షయ అంటువ్యాధేనని 1865లో ఫ్రెంచ్ వైద్యుడు విల్లెమిన్ కుందేళ్ళలో చూపగా, 1882లో రాబర్ట్ కాక్ దాని క్రిమిని వేరుచేసి, గినీపందులకు ఎక్కించి రుజువు చేశాడు.

అయినా ఆ క్రిమి మెదడు పొరలను ఎలా చేరుతుందన్నది తేలలేదు. రక్తంలో కలిసిన క్రిములు నేరుగా పొరలను తాకుతాయన్న అభిప్రాయమే అప్పట్లో బలంగా ఉండేది. 1933లో ప్రచురించిన ప్రయోగాల్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యుడు ఆర్నాల్డ్ రిచ్, ఆయన సహపరిశోధకుడు హోవర్డ్ మెకార్డాక్ జంతువుల రక్తంలోకి క్రిములను ఎక్కించినప్పుడు మెనింజైటిస్ వెంటనే రాలేదు. పొరల మధ్య ఉండే ద్రవంలోకి నేరుగా ఎక్కించినప్పుడు మాత్రం వచ్చింది. వారు పరిశీలించిన 82 మంది మృతులలో 77 మందికి మెదడులోనో పొరలలోనో అంతకుముందే ఏర్పడిన క్షయ గడ్డ కనిపించింది. అది చితికి క్రిములను ద్రవంలోకి వదిలినప్పుడే వ్యాధి మొదలవుతుందని వారు తేల్చారు. ఆ గడ్డకే నేటికీ రిచ్ పేరు ఉంది. జంతువు చెప్పినదానిని శవపరీక్షతో సరిచూసుకోవడమే ఈ పరిశోధన బలం. తరువాతి పరిశోధనలన్నిటికీ ఆ అవకాశం దక్కలేదు.

స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చేదాకా దాదాపు ప్రతి రోగినీ బలిగొన్న ఈ వ్యాధిలో, మందులు వచ్చాక ప్రశ్న మారింది: క్రిమి చచ్చినా రోగి ఎందుకు చనిపోతున్నాడు? శరీరం క్రిమిపై చేసే పోరులో పుట్టే వాపే మెదడును దెబ్బతీస్తుందన్న అనుమానంతో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుందేళ్ళ తల వెనుక భాగాన మెదడు ద్రవంలోకి క్రిములను ఎక్కించి, క్షయ మందులకు వాపును తగ్గించే థాలిడొమైడ్‌ను జోడించారు. ఆ కుందేళ్ళు ఎక్కువగా బతికినట్టు 1998లో ప్రకటించారు. ఆ ఆశతోనే దక్షిణాఫ్రికాలో పిల్లలపై జరిపిన పరీక్షను దుష్ఫలితాల వల్ల మధ్యలోనే ఆపవలసి వచ్చింది. ఆ ఫలితం 2004లో వెలువడింది. కుందేలు అబద్ధమాడలేదు, అయితే అది రోజుల తరబడి కోమాలో ఉన్న పసిబిడ్డ కాదు.

అందుకే కాబోలు, ఇటీవలి పరిశోధన జంతువును చిన్న ప్రశ్నలే అడుగుతోంది. రేడియోధార్మిక గుర్తు తగిలించిన క్షయ మందు రిఫాంపిసిన్ జాడను బతికున్న కుందేళ్ళ మెదడులో స్కానింగ్‌తో వెతికిన జాన్స్ హాప్‌కిన్స్ బృందం, వ్యాధి సోకిన చోటికి ఆ మందు కొద్దిగానే, అదీ అన్ని చోట్లకూ సమానంగా కాకుండా చేరుతోందని, చికిత్స మొదలైన రెండు వారాలకే ఆ కొద్దిపాటి మోతాదు కూడా తగ్గిపోతోందని 2018లో నివేదించింది.