బాదనకుర్తి: గోదావరి దీవి, బావరి కథ

బాదనకుర్తి గోదావరి రెండు పాయల నడుమ ఉన్న దీవి గ్రామం. పాలనాపరంగా నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోనిది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతానికి ఉత్తరపు హద్దుగా పారే గోదావరిలో, శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు దిగువన, ధర్మపురికి ఎగువన ఉంటుంది. గ్రీసులోని సాంతోరినిలా ఇది అగ్నిపర్వతం లేపిన దీవి కాదు, నది చీలి చుట్టుముట్టిన నేల. అయినా అగ్నిపర్వతాలతో దీనికి దూరపు చుట్టరికం ఉంది. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి మహారాష్ట్రలో సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు పారిన లావా రాళ్లను కోసుకుంటూ వస్తుంది. ఇక్కడికి చేరే ఒండ్రులో ఆ నల్లరాతి పొడి కలిసే ఉంటుంది.

ఈ దీవికి పేరు తెచ్చింది మాత్రం బావరి కథ. బౌద్ధ గ్రంథమైన సుత్తనిపాతంలోని పారాయణ వర్గం ప్రకారం, కోసల దేశపు బ్రాహ్మణుడు బావరి దక్షిణాపథానికి వచ్చి గోదావరి తీరాన అస్సక రాజ్యంలో ఆశ్రమం కట్టుకున్నాడు. బుద్ధుడి సంగతి విని పదహారుగురు శిష్యులను ఆయన దగ్గరికి పంపాడు. ఆ ఆశ్రమం బాదనకుర్తిలోనే ఉండేదని తెలంగాణ చరిత్రకారులు కొందరు అంటారు. అస్సక రాజధాని నేటి బోధన్ అన్న అభిప్రాయం ఈ వాదానికి అండ. అయితే ఇక్కడొక మెలిక ఉంది. మూల గాథలో ఉన్నది గోదావరి ఒడ్డు మాత్రమే. నది రెండుగా చీలి ఏర్పడిన దీవి, దాని మీది వెలగ వనం శతాబ్దాల తరువాత రాసిన పాళీ వ్యాఖ్యానంలో వస్తాయి. పైగా ఆ దీవి విస్తీర్ణాన్ని వ్యాఖ్యానం యోజనాల్లో చెబుతుంది. బాదనకుర్తి అంత పెద్దది కాదు. కనుక బావరిని వెతకాల్సింది ఒక్క దీవిలో కాదు, ఈ తీరమంతటా.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. శిష్యుల ప్రయాణంలో మొదట వచ్చే ఊరు ప్రతిష్ఠానం, అంటే నేటి పైఠాన్. ఆ తరువాత మాహిష్మతి, ఉజ్జయిని వస్తాయి. అలాంటప్పుడు ఆశ్రమం పైఠాన్ చుట్టుపక్కలే ఉండాలి గదా అనవచ్చు. కానీ పైఠాన్ దక్కన్ నుంచి ఉజ్జయినికి పోయే దారిలో పెద్ద మజిలీ. ఎక్కడినుంచి బయలుదేరినా ఉత్తరాదికి పోయేవాళ్లు తగలవలసిన ఊరు. దాని పేరు ముందు రావడం ప్రయాణ మార్గాన్ని చెబుతుందే గాని, ఆశ్రమం ఎంత దూరమో చెప్పదు.

తీరమంతటినీ చూస్తే నేల సాక్ష్యం దండిగా దొరుకుతుంది. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల తవ్వకాల్లో కోట గోడ, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. అక్కడ దొరికిన నాణేల మీద గోభద, నారన, సమగోప వంటి స్థానిక రాజుల పేర్లు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. తొలి శాతవాహనుడు సిముకుడి నాణేలూ దొరికాయి. సిరిసిల్ల మీదుగా వచ్చే మానేరుకూ గోదావరికీ నడుమ పెద్దబంకూరులో వేలకొద్దీ విద్ధాంక నాణేలు, ధూళికట్టలో బౌద్ధ స్తూపం వెలుగు చూశాయి. ధూళికట్ట ఫలకం మీద చుట్టలు చుట్టుకొని పడగ విప్పిన నాగరాజు ముచిలిందుడు కనిపిస్తాడు. ఇవన్నీ బుద్ధుడి కాలం తరువాతివి కదా అన్న ప్రశ్న సరైనదే. ఇవి బావరిని రుజువు చేయవు. క్రీస్తుకు పూర్వమే ఈ తీరాన పట్టణాలు, రాజులు, బౌద్ధం ఉన్నాయని మాత్రం చూపుతాయి. అందువల్ల కథకు ఈ ప్రాంతం అతకని చోటేమీ కాదు.

సాక్ష్యం నిలవడంలోనూ దీవికీ దీవికీ తేడా ఉంది. సాంతోరినిలో సుమారు క్రీ.పూ. 1600 నాటి పేలుడు బూడిద కింద అక్రోతిరి పట్టణం గోడ చిత్రాలతో సహా నిలిచింది. 1967లో తవ్వకాలు మొదలయ్యాక అది లోకానికి తెలిసింది. గోదావరి అలా దాచిపెట్టదు, వరద వచ్చిన ప్రతిసారీ ఒడ్డును కోస్తుంది, ఇసుకను మేట వేస్తుంది. ఆకులతో, కర్రలతో కట్టిన ఆశ్రమం అలాంటి చోట ఆనవాలు మిగల్చకపోవడం వింత కాదు. అలాగని ఆనవాలు లేకపోవడాన్నే రుజువుగా చూపడమూ కుదరదు. కాబట్టి బాదనకుర్తిని బావరి ఆశ్రమానికి ప్రతిపాదిత స్థలంగా, కోటిలింగాల, ధూళికట్టలను రుజువైన ప్రాచీన స్థలాలుగా విడివిడిగా చెప్పడమే న్యాయం. చూడవచ్చేవాళ్లు ధర్మపురి నరసింహస్వామి ఆలయంతో పాటు ఈ మూడింటినీ ఒకే యాత్రగా కలుపుకోవచ్చు.