మేస్త్రుల ప్రమాణము, క్రైస్తవ విశ్వాసము: ఒక చారిత్రక పరిశీలన

కొన్నేళ్ల క్రితము మేము పరిచర్య చేస్తున్న సంఘములో ఒక వృద్ధ పెద్ద ప్రభువునందు నిద్రించారు. ఆయన ట్రంకు పెట్టెలో మడతపెట్టిన తెల్లని తోలు ఏప్రాను, మూలమట్టము వృత్తలేఖిని గుర్తు చెక్కిన ఉంగరము దొరికాయి. సాయంత్రానికల్లా ఇద్దరు యౌవనస్థులు వచ్చి, సాతానును ఆరాధించినవానిని సంఘపు సమాధుల తోటలో ఎలా పాతిపెడతారని మమ్మును నిలదీశారు. నలభై ఏళ్లు సంఘపు లెక్కలు పైసా తేడా లేకుండా వ్రాసిన మనిషి ఆయన. మేము సమాధి కార్యక్రమము జరిపించాము. కాని ఆ యువకులకు ఇవ్వవలసిన జవాబు ఆ రోజు మా దగ్గర లేదు. ఈ వ్యాసము ఆ జవాబు కొరకైన ప్రయత్నము.

ముందుగా పొట్టు చెరగాలి. ఫ్రీమేసన్లు లూసిఫరును పూజిస్తారని మన ప్రసంగ వేదికలమీద తరచుగా వినబడే మాటకు మూలము ఫ్రాన్సు దేశస్థుడైన లియో టాక్సిల్. 1885లో తాను మారుమనస్సు పొందినట్లు నటించి, లాడ్జీలలో దయ్యపు పూజలు జరుగుతాయని పన్నెండేళ్లు పుస్తకాలు వ్రాసి అమ్ముకున్నాడు. డయానా వాఘన్ అనే స్త్రీని సాక్షిగా కల్పించాడు. 1897 ఏప్రిల్ 19న పారిస్ నగరములో నిండు సభలో అదంతా తన కల్పనే అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. అమెరికన్ మేసన్ ఆల్బర్ట్ పైక్ 1889లో లూసిఫరును స్తుతిస్తూ ఆజ్ఞ జారీచేశాడన్న ప్రచారము కూడా ఆ కల్పనల గుంపులోనిదే. కల్పించినవాడే ఒప్పుకున్న అబద్ధమును నూరేళ్ల తరువాత కూడా మనము బోధిస్తున్నామంటే, నిర్గమకాండము 20:16 మనకూ వర్తిస్తుందని గుర్తు చేసుకోవలసి ఉన్నది. అసలు అభ్యంతరము వేరే చోట ఉన్నది. దానికి టాక్సిల్ సాక్ష్యము అక్కరలేదు.

మన ఊళ్లలో లాడ్జి అంటే బస చేసే చోటు. మధ్యయుగపు బ్రిటనులో అది రాతిపని చేసే తాపీమేస్త్రులు కూడుకొనే పాక. ఆ మేస్త్రుల సంఘాలకు వ్రాతపూర్వకమైన నియమావళులు ఉండేవి. 1583 నాటి రాతప్రతి తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామములో ప్రార్థనతో మొదలవుతుంది. దేవునికి, పరిశుద్ధ సంఘమునకు నమ్మకముగా ఉండుట అందులోని మొదటి విధి. క్రమేణ మేస్త్రులు కాని పెద్దమనుషులు ఈ లాడ్జీలలో చేరారు. లండనులోని నాలుగు లాడ్జీలు కలిసి 1717లో గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయని సంప్రదాయము. అది 1721లో జరిగినదని ఇటీవలి చరిత్రకారులు కొందరు వాదిస్తున్నారు. మనకు ముఖ్యమైనది 1723. ఆ ఏడు అచ్చయిన నియమావళిలో త్రిత్వ ప్రార్థన లేదు. దేవుడు, మతము అనే మొదటి అధ్యాయములో మనుషులందరు ఒప్పుకొనే మతము చాలునని, మిగిలిన అభిప్రాయాలు ఎవరివి వారికి విడిచిపెట్టవలెనని భావము వచ్చేలా వ్రాశారు. వ్రాసినవాడు నాస్తికుడు కాడు. లండనులోని స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ సంఘపు కాపరి జేమ్స్ ఆండర్సన్!

ఆండర్సన్‌ను తొందరపడి ఖండించుట న్యాయము కాదు. అంతకుముందు నూరేళ్లలో సిద్ధాంతాల పేరుమీద క్రైస్తవులు క్రైస్తవులను చంపుకొన్నారు. 1689లో సహన చట్టము వచ్చినా, ఆండర్సన్ వంటి అసమ్మతివాదులకు ప్రభుత్వ పదవులలో తలుపులు మూసే ఉన్నాయి. వేర్వేరు సంఘాలవారు ఒకే బల్లకు కూర్చుండే చోటు కావాలని ఆయన కోరితే అందులో తప్పు పట్టలేము. కాని వాదోపవాదము రాకూడదని ప్రక్కకు పెట్టిన అభిప్రాయాలలో క్రీస్తు నామము కూడా వెళ్లిపోయింది. ఆండర్సన్ తరువాత కూడా చాలా లాడ్జీలలో క్రైస్తవ ప్రార్థనలు కొనసాగాయి. 1813లో ఇంగ్లండులోని రెండు గ్రాండ్ లాడ్జీలు ఏకమైన తరువాత, సస్సెక్స్ ప్రభువు నాయకత్వములో క్రమములోనుండి క్రైస్తవ ప్రస్తావనలు చాలావరకు తొలగించబడ్డాయి. మిగిలిన పేరు విశ్వశిల్పి.

మూడవ మెట్టు ఆచారమును చూడండి. 1 రాజులు 7వ అధ్యాయములో తూరువాడైన హీరాము, నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు, ఇత్తడి పనివాడు. 40వ వచనము ప్రకారము అతడు తన పని అంతయు ముగించాడు. లాడ్జి కథలో అతడు ముగించడు. రహస్యము చెప్పనందుకు ముగ్గురు పనివాళ్లు అతనిని చంపుతారు. చేరేవాడు ఆ హతుని స్థానములో పడుకొని, పైకి లేపబడతాడు. ఈ కథ 1730లో ప్రిచర్డ్ వెలువరించిన పుస్తకములో స్పష్టముగా కనబడుతుంది. లేఖనములో లేని మరణము, లేఖనములో లేని లేపబడుట! బాప్తిస్మములో క్రీస్తుతోకూడ పాతిపెట్టబడి లేచినవాడు (రోమా 6:4) మరల ఎవరి మరణములో పాలుపొందుతున్నాడు? ఇది నాటకము మాత్రమేనని మేసన్లు అంటారు. కావచ్చును. అయితే మోకాళ్లూని, పరిశుద్ధ గ్రంథముమీద చెయ్యి ఉంచి ప్రమాణము చేసిన తరువాత ఆడే నాటకము అది.

ఆ ప్రమాణమే తొలి సంఘ విచారణకు కారణమైంది. పోపు 12వ క్లెమెంటు 1738లోనే నిషేధించినా, దానిలో రాజకీయ భయము కూడా కలిసి ఉన్నది. ప్రొటెస్టంటులలో స్కాట్లాండు అసోసియేట్ సినడు 1757లో వేసిన ప్రశ్న సూటిగా ఉన్నది: ఏమి దాచాలో తెలియకముందే, దాస్తానని దేవుని నామమున ఒట్టు పెట్టుకొనుట ఎలా ధర్మము? మత్తయి 5:33-37తోను, యోహాను 18:20తోను దీనిని కలిపి చదవండి. గొంతు కోయబడుటవంటి శిక్షలను ఇంగ్లండు మేసన్లు ప్రమాణములోనుండి తీసివేసినది 1986లోనే.

ఇంగ్లండు సంఘము ఈ ప్రశ్నను చాలాకాలము తప్పించుకొన్నది. 1951లో వాల్టన్ హన్నా అనే గురువు దానిని లేవనెత్తినప్పుడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఫిషర్ స్వయముగా మేసన్. 1985లో మెథడిస్టు కాన్ఫరెన్సు, మేసన్ అయిన క్రైస్తవుడు తన విశ్వాసములో రాజీపడే ప్రమాదము ఉన్నదని హెచ్చరించింది. 1987లో ఆంగ్లికన్ సినడు ముందుకు వచ్చిన నివేదికను తయారుచేసినవారిలో ఇద్దరు మేసన్లు ఉన్నారు. అయినా ఆ నివేదిక రాయల్ ఆర్చి మెట్టులో వాడిన ‘జాబులాన్’ అనే పేరును దైవదూషణగా ఎంచింది. యెహోవా నామపు ముక్కకు అన్య దేవతల పేర్లు అతికించినట్లున్నదని దాని అభ్యంతరము. 394 మంది అనుకూలముగా, 52 మంది వ్యతిరేకముగా ఓటు వేసి సినడు నివేదికను ఆమోదించింది. రెండేళ్లకు, 1989లో, మేసన్లే ఆ పేరును తమ క్రమమునుండి తొలగించారు. అమెరికాలో దక్షిణ బాప్టిస్టులు 1993లో ఇది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవలసినదన్నారు. రోమను సంఘము 1983లో, తిరిగి 2023లో, నిషేధమును స్థిరపరచింది.

మన దేశములో ఈ కథకు ఇంకొక మలుపు. 1730 ప్రాంతములో కలకత్తాలో, 1752లో మద్రాసులో ఆంగ్లేయుల లాడ్జీలు వెలిశాయి. హైదరాబాదు గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి వచ్చినది 19వ శతాబ్దములో. అందరి మతము చాలునన్న మేసన్లే, కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే హిందువును చేర్చుకొనుటకు సుమారు తొమ్మిదేళ్లు అడ్డుపడి, 1872లో ఒప్పుకొన్నారు. ఆ తరువాత మాత్రము హిందువు, ముస్లిము, పార్సీ, క్రైస్తవుడు ఒకే బల్లకు కూర్చున్నారు. ప్రమాణపు బల్లమీద ఎవరి గ్రంథము వారికి పెట్టబడింది. అదే కాలములో మన సంఘాలలో కొన్నిటిలో ప్రభువు బల్లకు సైతము కులమునుబట్టి వరుసలు ఉండేవి. మాకు సిగ్గు కలిగించే సంగతి ఇది. లాడ్జిలో దొరికిన సహోదరత్వమును వెదుకుకొంటూ మనవారు వెళ్లారంటే, అది మన దగ్గర ఎందుకు దొరకలేదో కూడా చరిత్రలో భాగమే.

మా నిర్ణయము ఇది: మేసన్ అయిన విశ్వాసిని సాతాను ఆరాధకుడు అనరాదు, అతనికి సమాధి నిరాకరించరాదు. కాని ఒకడు సంఘపు పెద్దగా ఉండి ఆ ప్రమాణమును నిలుపుకొనుటకు మేము సమ్మతించలేము. క్రీస్తు పేరు చెప్పకూడని ప్రార్థనకు అలవాటుపడిన నోరు ఆదివారము ఆ పేరునే ప్రకటించవలసి ఉంటుంది గదా. ఆ యువకులకు ఈ మాటే చెప్పాము. ఒకరు ఒప్పుకొన్నారు, ఇంకొకరు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. ఆ పెద్దను మాత్రము, లాడ్జిలో తల వంచినప్పుడు మీరు ఎవరి నామమున ప్రార్థించారని ఆయన బ్రతికి ఉండగా మేము ఒక్కసారి కూడా అడగలేదు.