పై మెట్టు ఎవరిది?

ప్రమోషన్ల కాలం వచ్చిందంటే బత్తలపల్లె కూడలిలో బస్సు కోసం నిలబడ్డ టీచర్ల కళ్లు రోడ్డు మీద ఉండవు, ఫోన్లో ఉంటాయి. సీనియారిటీ జాబితా వచ్చి ఉంటుంది. పుట్టిన తేదీ, చేరిన తేదీ, డీఎస్సీ ర్యాంకు, రోస్టరు పాయింటు. వేలితో జరుపుకుంటూ ముందు తమ పేరు చూసుకుంటారు, వెంటనే దాని పైపేరు. ‘ఈయప్ప నాకంటే ముందెట్ల వచ్చినాడబ్బా?’

ఈ ప్రశ్న పాతదే. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురంలో ఉండి 1807 దాకా కలెక్టరీ చేశాడు. అప్పటికి కంపెనీ కొలువులు 1793 చార్టర్ చట్టం కింద నడుస్తున్నాయి. ఇండియాలో మూడేళ్లు పనిచేయనివాడికి ఏడాదికి 500 పౌన్లు దాటే పదవి ఇవ్వకూడదు. 4,000 దాటాలంటే పన్నెండేళ్లు నిండాలి. లండన్‌లో పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలు వచ్చీరాగానే పెద్ద కుర్చీలో కూర్చోకుండా వేసిన అడ్డుకట్ట అది. సీనియారిటీని సోమరితనానికి రక్ష అని తిట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. అయితే ఆ నిచ్చెన తెల్లవాళ్లకే. దేశీయులను పెద్ద పదవులకు దూరం పెట్టడం తప్పని మన్రో 1824 చివర్లో, మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు, గట్టిగానే రాశాడు.

ఊళ్లో మాత్రం నిచ్చెనే లేదు. కరణం కొడుకు కరణం, మునసబు కొడుకు మునసబు. 1895 నాటి మద్రాసు చట్టం ఆ వంశహక్కును కాగితం మీదికి ఎక్కించింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు పదవి గురించి గాజుల దశరథరామారావు సుప్రీంకోర్టు దాకా వెళితే, పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ పదవులనే ఎన్టీఆర్ ప్రభుత్వం 1984 జనవరిలో ఎత్తేసింది.

1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో పోటీకి సరిహద్దు గీశారు. జిల్లా కేడరు వాళ్లకు జిల్లాలోనే, పై కేడర్లకు అప్పటి రాయలసీమ నాలుగు జిల్లాల నాలుగో జోన్‌లోనే సీనియారిటీ.

అసలు మడతపేచీ 1996 రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో ఉంది. సెలక్షన్ పోస్టుకు ప్రతిభ, సామర్థ్యం ముఖ్యం. అవి ఇంచుమించు సమానమైతేనే సీనియారిటీ చూడాలి. నాన్‌సెలక్షన్ పోస్టుకు సీనియారిటీయే, పనికిరాడని తేలితే తప్ప. తేదీని ఎవరైనా చదవగలరు. ప్రతిభను పై అధికారి రాయాలి, అదీ రహస్య నివేదికలో! సరిహద్దు రోడ్ల సంస్థ ఇంజనీరు దేవ్‌దత్‌కు ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. ప్రమోషన్‌కు కావలసింది ‘వెరీ గుడ్’. ‘గుడ్’ ఆయన్ను ముంచిందని ఆయనకే తెలియదు. ఏ గ్రేడు వేసినా ఉద్యోగికి చెప్పి తీరాలని 2008లో సుప్రీంకోర్టు అంది. నా లెక్కలో ప్రమోషన్ల చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు.

ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్‌ది ఇంకో పెద్ద కథ. 1992 ఇందిరా సహానీ తీర్పు వద్దంది, 1995లో 77వ సవరణ తిరిగి తెచ్చింది, దానితోపాటు వచ్చే సీనియారిటీని 2001లో 85వ సవరణ ఇచ్చింది.

వచ్చిన ప్రమోషన్‌ను రాసిచ్చి వదులుకునే వీలూ ఉంది. దూరపు ఊరు, ఇంట్లో ముసలివాళ్లు, ఎండిన బోరు కింద చేను. కరువు సీమలో నెల జీతమే నమ్మకమైన పంట కాబట్టి దాన్ని ఇంటి దగ్గరే కోసుకోవాలనుకునేవాళ్లను తప్పుపట్టలేను.

ఇక 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఒకేసారి నోటిఫికేషన్లు, ఒకే విడత పరీక్షలు, లక్షకు పైగా కొలువులు. వెల్ఫేర్ అసిస్టెంటు, సర్వేయరు, డిజిటల్ అసిస్టెంటు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు గానీ వాళ్ల శాఖలు వేరు, వాటి పై మెట్లు వేరు. కొందరికి ఆ మెట్టు ఏదో నియామకం నాటికి కాగితం మీద లేదు. సీనియారిటీ తేల్చుదామా అంటే, చేరిన తేదీ గడిలో అందరికీ ఇంచుమించు అదే వారం.