మార్క్వెట్: ఇనుప రేవు, తీరని బాకీ

సుపీరియర్ సరస్సు ఒడ్డున నూట డెబ్బై ఏళ్లకు పైగా ఖనిజం ఎగుమతి చేస్తున్న ఒక ఊరి కథ

1844 సెప్టెంబరు 19. అమెరికాలోని మిషిగన్ ఉత్తర అడవుల్లో, టీల్ సరస్సు దగ్గర విలియం ఆస్టిన్ బర్ట్ అనే సర్వేయరు ప్రభుత్వం తరఫున భూమి కొలుస్తున్నాడు. ఉత్తరం చూపాల్సిన దిక్సూచి ముల్లు ఉన్నట్టుండి అడ్డదిడ్డంగా తిరగసాగింది. సూర్యుణ్ని బట్టి దిక్కు తేల్చే సౌర దిక్సూచిని బర్ట్ స్వయంగా తయారుచేసి, 1836లోనే పేటెంటు పొందాడు. అది చేతిలో ఉంది కాబట్టి కొలత ఆగలేదు. ముల్లు ఎందుకు తిరుగుతోందో చూడమని మనుషుల్ని చుట్టుపక్కలకు పంపితే, వాళ్లు బరువైన రాళ్లు ఏరుకొచ్చారు. అవన్నీ ఇనుప ఖనిజం.

మార్క్వెట్ చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. కానీ ఆ నేల ఒజిబ్వే ప్రజలది. 1842లో లా పాయింట్ ఒప్పందంతో అమెరికా ప్రభుత్వం దాన్ని వాళ్ల దగ్గర్నుంచి తీసుకుంది. అప్పటికి రెండేళ్లే అయింది. కొండలో ఏముందో ఒజిబ్వేలకు ముందే తెలుసు. అందుకే బర్ట్ మనుషులు ఆ రాళ్లు తెచ్చిన మరుసటి సంవత్సరం దక్షిణ మిషిగన్‌లోని జాక్సన్ పట్టణం నుంచి ఫైలో ఎవరెట్ బృందం ఖనిజం కోసం వచ్చినప్పుడు, ఆ చోటు చూపించడానికి ఒక ఒజిబ్వే పెద్ద కావలసివచ్చాడు. ఆయన పేరు మార్జి గెసిక్.

దారి చూపినందుకు ఎవరెట్ బృందం పెట్టిన జాక్సన్ కంపెనీ 1846లో ఆయనకొక కాగితం రాసిచ్చింది. కంపెనీలోని 3,100 వాటాల్లో 12 వాటాలు మార్జి గెసిక్‌కు చెందుతాయని అందులో ఉంది. ఆ కాగితం తర్వాత ఏమైందన్నది ఈ ఊరి చరిత్రలో గనులంత ముఖ్యమైన అధ్యాయం. అక్కడికి వద్దాం.

ఊరు పుట్టింది, పేరు మారింది

సుపీరియర్ సామాన్యమైన సరస్సు కాదు. వైశాల్యం 82 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. తెలంగాణలో దాదాపు ముప్పాతిక వంతు మేర నీళ్లే ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ సరస్సు దక్షిణ తీరాన, గనులకు దగ్గరగా ఉన్న ఒక చిన్న అఖాతం ఒడ్డున 1849లో ఊరు వెలిసింది. మసాచుసెట్స్ రాష్ట్రం నుంచి యంత్రాలు, మనుషులతో వచ్చిన ఏమోస్ హార్లో తన సొంతూరి పేరే దీనికీ పెట్టి వూస్టర్ అన్నాడు. ఏడాది తిరిగేసరికి, పదిహేడో శతాబ్దంలో ఈ సరస్సుల మీద తిరిగిన ఫ్రెంచి మతబోధకుడు జాక్ మార్క్వెట్ పేరు స్థిరపడింది.

మొదట్లో ఖనిజాన్ని ఇక్కడే కరిగించి ఇనుము అమ్ముదామనుకున్నారు. అడవి నరికి కట్టెబొగ్గు కాల్చి కొలుములు నడిపారు. అయితే తయారైన ఇనుమును దూరపు పట్టణాలకు చేర్చేసరికి ఖర్చు ధరను మించిపోయేది. అసలు అడ్డంకి తూర్పున ఉంది. సుపీరియర్ నీళ్లు హ్యూరాన్ సరస్సులోకి దిగే సెయింట్ మేరీస్ నదిలో 21 అడుగులు కిందికి ఉరికే ఉరవళ్లున్నాయి. ఓడలు దాటలేవు. సరుకంతా ఒడ్డున దించి, ఆ ఉరవళ్లను చుట్టి బళ్ల మీద లాగి, అవతల మరో ఓడకు ఎక్కించాలి.

1855లో అక్కడ కాలువ తవ్వి, నీటిమట్టం పెంచుతూ తగ్గిస్తూ ఓడల్ని దాటించే లాకులు కట్టారు. వాటినే సూ లాకులంటారు. ఆ ఆగస్టులో కొలంబియా అనే తెరచాప ఓడ 132 టన్నుల మార్క్వెట్ ఖనిజంతో లాకు దాటింది. ఇప్పుడు ఈ రేవుకు వచ్చే నౌకల్లో ఒక్కొక్కటి ఇరవై వేల టన్నులకు పైగా మోసుకుపోతుంది. కానీ దారి తెరిచింది ఆ 132 టన్నులే. 1857లో గనుల నుంచి రేవుకు రైలు వచ్చింది. అప్పటి నుంచి మార్క్వెట్ పని తేలిపోయింది. ఇనుము చేయడం ఇతర ఊళ్ల వంతు, ఖనిజం పంపడం ఈ ఊరి వంతు.

బరువే కూలీ

పంపడానికి ఈ ఊరివాళ్లు ఎంచుకున్న పద్ధతి నేటికీ మారలేదు. నీళ్లలోకి పొడవుగా చొచ్చుకొచ్చే ఎత్తైన డాక్ కట్టారు. దాని నెత్తిన రైలు పట్టాలు. వ్యాగన్ల అడుగు తలుపులు తెరిస్తే ఖనిజం కింది అరల్లోకి పడుతుంది. పక్కన నౌక ఆగగానే అరకు బిగించిన వాలు తొట్టెను దించుతారు. ఖనిజం తన బరువుతో తానే ఓడ కడుపులోకి జారిపోతుంది. ప్రెస్క్ ఐల్ పక్కన 1912లో పూర్తయిన 1,250 అడుగుల డాక్‌లో ఇలాంటి అరలు 200 ఉన్నాయి. అది ఇంకా పనిచేస్తోంది. ఊరి నడిబొడ్డున ఉన్న మరో డాక్ 1971లో మూతపడింది. ఉక్కు, కాంక్రీటుతో కట్టిన దాని మొండెం మాత్రం నీళ్లలో అలాగే నిలబడి ఉంది.

ఈ డాక్‌లకు చాలా ముందే, 1868 జూన్‌లో ఊళ్లో మంటలు రేగి చెక్కతో కట్టిన వ్యాపార వీధులన్నీ బూడిదయ్యాయి. మళ్లీ కట్టేటప్పుడు ఇటుక, స్థానిక ఎర్ర ఇసుకరాయి వాడారు. ఆ రాతితోనే 1904లో కట్టిన కోర్టు భవనంలో 1913లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బోనెక్కాడు. తనను తాగుబోతని రాసిన, పొరుగు గనుల పట్టణం ఇష్‌పెమింగ్‌లోని పత్రికాధిపతిపై పరువు నష్టం దావా వేసి గెలిచి, ఆరు సెంట్ల పరిహారం పొందాడు.

కింద నేలలో మాత్రం లెక్క వేరే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి, ఫిన్లాండ్, ఇటలీ, స్వీడన్‌ల నుంచి వచ్చినవాళ్లు గనుల్లోకి దిగారు. 1926 నవంబరు 3న ఇష్‌పెమింగ్ దగ్గర బార్న్స్-హెకర్ గనిలోకి పైనున్న చిత్తడి నేల నుంచి నీళ్లు, బురద విరుచుకుపడ్డాయి. 51 మంది చనిపోయారు. నిచ్చెనలు ఎక్కుతూ పైకి రాగలిగింది ఒక్కడే. చాలామంది శరీరాలు ఇప్పటికీ ఆ గనిలోనే ఉన్నాయి. మిషిగన్ గనుల చరిత్రలో అంతటి ప్రమాదం మరొకటి లేదు.

కూతురు అడిగిన బాకీ

ఇక ఆ కాగితం సంగతి. కంపెనీ లాభాలు గడించింది. మార్జి గెసిక్‌కు మాత్రం ఏమీ ముట్టలేదు. ఆయన పోయాక కూతురు షార్లట్ కాబాగమ్ కోర్టు మెట్లెక్కింది. ఇన్నేళ్లు గడిచాక హక్కేమిటన్నది కంపెనీ తరఫు వాదన. అంతకన్నా పదునైన వాదన మరొకటుంది. మార్జి గెసిక్‌కు ఒకరికి మించి భార్యలున్నారు. అలాంటి పెళ్లిని ఈ రాష్ట్రపు చట్టం ఒప్పుకోదు కాబట్టి షార్లట్ వారసురాలే కాదన్నారు.

1889లో మిషిగన్ సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఒజిబ్వేల పెళ్లిళ్లను వాళ్ల ఆచారాల ప్రకారమే చూడాలనీ, వాళ్ల కుటుంబాల విషయంలో రాష్ట్ర చట్టం తలదూర్చజాలదనీ తేల్చి, షార్లట్ హక్కును నిలబెట్టింది. నేల పోగొట్టుకున్న ఒక జాతి ఆడబిడ్డ, ఆ నేలలోంచి పుట్టిన కంపెనీ మీద గెలిచింది. మార్క్వెట్ జిల్లాలో పుట్టిన న్యాయమూర్తి జాన్ వోల్కర్, రాబర్ట్ ట్రావర్ అనే కలం పేరుతో 1965లో ఈ కేసునే నవలగా రాశాడు.

షార్లట్, ఆమె భర్త చార్లెస్ కాబాగమ్ ప్రెస్క్ ఐల్ అనే అడవి ద్వీపకల్పంలో సమాధి అయ్యారు. ఆ చోటును 1886లో పార్కుగా ఊరికి దక్కేలా చేసింది, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఇక్కడికొచ్చి బ్యాంకరుగా ఎదిగిన పీటర్ వైట్. దాన్ని ఎలా తీర్చిదిద్దాలో చెప్పమని న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకడైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌ను పిలిస్తే, ఉన్నదున్నట్టు వదిలేయమన్నాడు. ఊరు ఆ మాట విన్నది.

డబ్బు మాత్రం అలా నిలవలేదు. గనుల భూములతో కోటీశ్వరుడైన జాన్ లాంగ్‌ఇయర్ కొడుకు 1900లో సరస్సులో మునిగి చనిపోయాడు. తమ ఇంటి కింది తీరం వెంట రైలు వేయబోతున్నారని తెలిశాక, ఆ దంపతులు తమ రాతి భవంతిని రాయికి రాయి ఊడదీయించి రైల్లో మసాచుసెట్స్‌కు తరలించారు. 

నేడు మేలురకం ఖనిజం అయిపోయింది. టిల్డెన్ గనిలో తవ్వే రాతిలో ఇనుము మూడింట ఒక వంతు మాత్రమే. దాన్ని పిండిలా నలిపి, ఇనుమును వేరుచేసి, గుండ్రని గుళికలుగా కాల్చి ప్రెస్క్ ఐల్ డాక్‌కు పంపుతున్నారు. పక్కనున్న ఎంపైర్ గని 2016లో ఆగిపోయింది. టిల్డెన్ కూడా ఏదో ఒకనాడు ఆగుతుంది.

ఖనిజపు ఊరి చరిత్రను టన్నులతోనే రాస్తే సగమే రాసినట్టు. టన్నుల లెక్క ఓడతో పాటు వెళ్లిపోతుంది. దారి చూపినవాడికి ఏమిచ్చారు, గనిలో మిగిలిపోయినవాళ్లను ఎలా గుర్తుంచుకున్నారు, అమ్మకుండా ఏం మిగుల్చుకున్నారు అన్న లెక్కలు ఊళ్లోనే ఉంటాయి. మార్క్వెట్‌లో మొదటి లెక్క తేలడానికి నలభై మూడేళ్లు పట్టింది, అదీ ఒక కూతురు పట్టు విడవనందుకు. కొండల్ని తవ్వి పంపే ఏ ఊరికైనా ఈ చరిత్ర చెప్పేది ఒకటే: కాగితం రాసిన రోజునే బాకీ తీర్చాలి.