హవానా జూదశాలలు - ప్రభుత్వ వాగ్దానాలు

ముఠాలను తుదముట్టిస్తామని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ప్రజలు నమ్మరు. అప్పుడు కొందరు పెద్దమనుషులు ప్రజలనే తప్పుపడతారు. వీళ్ళకు దేనిమీదా విశ్వాసం లేదు, మంచి చేస్తామన్నా అనుమానిస్తారు అంటారు. అపనమ్మకం ఒక రోగమైనట్టు, ప్రచారం దానికి మందైనట్టు మాట్లాడతారు. ఈ వాదన ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే అపనమ్మకానికి వున్న చరిత్రను పరిశీలించాలి. టూరిస్టు వ్యాపారమూ, నేరస్థుల ముఠాలూ, ప్రభుత్వమూ ఒకదానితో ఒకటి ఎట్లా పెనవేసుకుంటాయో చూడదలచినవారికి 1959కి పూర్వపు హవానాను మించిన వుదాహరణ లేదు.

క్యూబా పంచదార దేశం. చెరకు కొట్టి గానుగాడే కాలం సంవత్సరంలో మూడు నాలుగు నెలలు మాత్రమే. మిగిలిన నెలలకు అక్కడి కూలీలు పెట్టుకున్న పేరు ‘చచ్చిన కాలం’. ఆ పంచదారను కొనేది అమెరికా. మిల్లులలోనూ భూములలోనూ పెద్ద వాటా అమెరికన్ కంపెనీలదే. 1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం అమలులో వున్నందున తాగదలచినవాడు 90 మైళ్ళ సముద్రం దాటి హవానా వచ్చేవాడు. అంతకుముందే, 1915లో, నగరం పక్కన మరియానావోలో గుర్రప్పందేల మైదానం వెలిసింది. 1930 డిసెంబరులో సముద్రపుటొడ్డున నసియోనల్ హోటల్ తెరిచారు. ఒకే పంటను ఒకే దేశానికి అమ్ముకునే దేశానికి టూరిస్టు రెండవ పంట అయినాడు. ఆ పంటకు కాపలా కాసే మిషతో ముఠాలు దిగినవి. అమెరికాలో దొంగసారాతో డబ్బు గడించి, నిషేధం ఎత్తివేసిన తరువాత జూదంలోకి మళ్ళిన మేయర్ లాన్‌స్కీ 1930ల చివరలోనే హవానాలో కాలుపెట్టాడు.

1946లో అమెరికా ప్రభుత్వం లక్కీ లూసియానో అనే ముఠా నాయకుణ్ణి జైలునుంచి విడిపించి ఇటలీకి పంపివేసింది. ఆ సంవత్సరం చివరికి అతడు హవానా చేరాడు. డిసెంబరులో నసియోనల్ హోటల్లో అమెరికన్ ముఠా నాయకులు సమావేశమైనారు. అప్పటి అధ్యక్షుడు రమోన్ గ్రావ్ నిజాయితీ నినాదం మీద గెలిచినవాడు. ఆయన ప్రభుత్వం లూసియానోను తనంతట తాను కదిలించలేదు. క్యూబాకు మందుల ఎగుమతి ఆపివేస్తామని అమెరికా బెదిరించిన తరువాతనే 1947లో అతణ్ణి పట్టి ఓడ ఎక్కించారు. మనిషి వెళ్ళాడు. జూదశాలలు, వాటి యజమానులు, మామూళ్ళు వున్నచోటనే వున్నాయి.

ఆ కాలంలో క్యూబాకు స్వంత ముఠాలు కూడా వుండేవి. 1930లలో నియంతృత్వాన్ని ఎదిరించిన సాయుధ దళాలు కొన్ని, ఆశయం ఆవిరైపోయి తుపాకులు మాత్రం మిగిలినందువల్ల, మంత్రుల కొలువులో చేరినవి. 1947 సెప్టెంబరులో మరియానావోలోని ఓర్ఫీలా పేటలో రెండు పోలీసు వర్గాలు పట్టపగలు గంటల తరబడి కాల్చుకున్నాయి. 1948లో అధికారానికి వచ్చిన కార్లోస్ ప్రియో ముఠాలను నిర్మూలిస్తానన్నాడు. అందుకు ఒక చట్టం కూడా చేశాడు. ఆ మరుసటి ఏడే ప్రభుత్వం ముఠాలతో లోపాయికారీ ఒడంబడిక చేసుకున్నది. కాల్పులు మానినందుకు బదులుగా ముఠా మనుషులకు ప్రభుత్వ కచేరీలలో పనిలేని వుద్యోగాలు, నెలనెలా జీతాలు! ముఠా అంతం కాలేదు, జీతాల పట్టీలోకి ఎక్కింది.

ఈ దశలో ప్రజల అసహ్యానికి గొంతు అయినవాడు ఎడువార్డో చిబాస్. 1947లో ఆయన కొత్త పార్టీ పెట్టాడు. దాని గుర్తు చీపురు. ప్రతి ఆదివారం రాత్రి రేడియోలో మంత్రుల అవినీతిని పేరుపేరునా బయటపెట్టేవాడు. ఊళ్ళకు ఊళ్ళు రేడియోల ముందు కూర్చుని వినేవి. 1951లో ఒక మంత్రి మీద తాను చేసిన ఆరోపణకు సాక్ష్యం చూపలేకపోయి, ఆగస్టు 5న ప్రసంగం ముగించి తుపాకితో కాల్చుకుని, పదకొండు రోజులకు చనిపోయాడు. కోట్ల దోపిడీకి రసీదులుండవు. దొంగతనం ఎట్లా జరుగుతున్నదో దేశమంతటికీ తెలిసినా, రుజువు కాగితాలు దొంగల బీరువాలోనే వుండడం ఈ రకం పాలనలో మామూలు.

అపనమ్మకానికి రెండు ముఖాలున్నాయన్నది ఇక్కడే గమనించాలి. 1952 మార్చి 10 తెల్లవారుజామున మాజీ అధ్యక్షుడు బాటిస్టా సైన్యంతో అధికారం లాక్కున్నాడు. జూన్‌లో జరగవలసిన ఎన్నికలు రద్దయినవి. కుట్రకు అతడు చెప్పిన సాకులలో ముఠాల హింసను, అవినీతిని అరికట్టడం ఒకటి. హవానా విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రతిఘటించడానికి సిద్ధపడి ఆయుధాలడిగారు. ఆయుధాలు రాలేదు. ప్రియో విదేశానికి వెళ్ళిపోయాడు. జనంలో అత్యధికులు కదలలేదు. బాటిస్టాను నమ్మి కాదు, ప్రియోకోసం ప్రాణాలివ్వడానికి ఏ కారణమూ కనిపించక. వాగ్దానభంగాలతో విసిగిన ప్రజ ఆ రోజు మౌనంగా వుంది. ఆ మౌనం మీదనే నియంత గద్దె వేసుకున్నాడు. నమ్మకపోవడం వివేకమే కాని, నమ్మనివాళ్ళు సంఘటితులు కాకపోతే ఆ వివేకం శత్రువుకు కూడా వుపయోగపడుతుంది.

ముఠాలను అణచడానికి వచ్చానన్న బాటిస్టా చేసినదేమిటి? హవానా జూదశాలలలో అప్పుడు ఎనిమిది పాచికలతో ఆడే మోసపు ఆట ఒకటి సాగుతుండేది. పాయింట్లు లెక్కకట్టేది నిర్వాహకుడే. మరొక్క పందెం వేస్తే గెలుపు నీదేనని ఊరించి, ప్రతిసారీ పందెం రెట్టింపు చేయించి, టూరిస్టు జేబు ఖాళీ చేసేవారు. 1953 మార్చిలో ఒక అమెరికన్ వారపత్రిక దీనిని బయటపెట్టింది. టూరిస్టులు రారేమోనన్న భయం పట్టుకున్నది. బాటిస్టా ప్రభుత్వం జూదాన్ని సంస్కరిస్తానని ప్రకటించి, మోసగాళ్ళైన కొందరు అమెరికన్లను దేశంనుంచి వెళ్ళగొట్టింది. ఆ సంస్కరణకు సలహాదారుగా నియమించుకున్నది ఎవరిని? మేయర్ లాన్‌స్కీని! అదే 1953లో లాన్‌స్కీ న్యూయార్క్ రాష్ట్రంలో జూదం కేసులో నేరం ఒప్పుకుని కొద్దివారాలు జైలులో వున్నాడు.

దొంగచేతికి తాళాలిచ్చారని మనం నవ్వవచ్చు. కాని ఈ సంస్కరణ అబద్ధం కాదు, నిజంగానే జరిగింది. మోసపు పాచికలు పోయినవి. పేకముక్కలు పద్ధతిగా పంచసాగారు. ఎందుకంటే పెద్ద జూదవ్యాపారికి మోసంతో పని లేదు. జూదం లెక్కలోనే యజమాని భాగం ఇమిడి వుంటుంది. రాత్రంతా బల్లలు నిండితే చాలు, లాభం తప్పదు. ఒక్కరాత్రిలో టూరిస్టును నిలువుదోపిడీ చేసే చిల్లర మోసగాడు పెద్ద వ్యాపారికి పోటీదారు, పైగా బేరం చెడగొట్టేవాడు. ప్రభుత్వం తొలగించినది ఆ పోటీని. అమెరికన్ టూరిస్టు జేబుకు రక్షణ దొరికింది. క్యూబా పౌరుడికి ఏమి దొరికింది? ‘సంఘటిత నేరాన్ని అంతం చేయడం’ అనే మాటకు పాలకుల నిఘంటువులో వున్న అర్థం ఇదే. అసంఘటితంగా వున్న నేరాన్ని తీసివేసి, సంఘటితమైనదానికి లైసెన్సు ఇవ్వడం.

ఆ లైసెన్సు 1955లో చట్టరూపం ధరించింది. హోటళ్ళ చట్టం, నంబరు 2074. కొత్త హోటలు మీద 10 లక్షల డాలర్లుగాని, నైట్‌క్లబ్బు మీద 2 లక్షల డాలర్లుగాని పెట్టుబడి పెట్టినవాడికి జూదశాల లైసెన్సు ఇస్తారు. అతని పూర్వచరిత్ర అడగరు. పన్నులలో మినహాయింపు, నిర్మాణ సామగ్రిపై సుంకం మాఫీ, పైగా ప్రభుత్వ బ్యాంకుల అప్పు. ఆ సంవత్సరమే అమెరికాలోని నెవాడా రాష్ట్రం జూదశాలల యజమానుల పూర్వచరిత్ర విచారించడానికి ప్రత్యేక బోర్డు పెట్టింది. 1950-51లో సెనేటర్ కెఫావర్ కమిటీ బహిరంగ విచారణలు జరిపినప్పటి నుండి అమెరికాలో ముఠాలకు చోటు ఇరుకవుతున్నది. అక్కడ తలుపు మూసుకుంటున్న సమయానికి ఇక్కడ తలుపు బార్లా తెరిచారు. 1957 డిసెంబరులో తెరిచిన రివియేరా హోటలుకు అయిన ఖర్చు సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు. అందులో దాదాపు 60 లక్షలు క్యూబా ప్రభుత్వ రుణసంస్థలవి. అసలు యజమాని లాన్‌స్కీ అయినా కాగితాల మీద అతడు వంటశాల నిర్వాహకుడు మాత్రమే! 1958లో తెరిచిన హిల్టన్ హోటలును హోటలు కార్మికుల పింఛను నిధితో కట్టారు. ఇట్లా కార్మికుడి ముసలితనపు కూడు కూడా జూదపు బల్ల కింద పునాదిగా పడింది.

ఇక చిల్లర రాబడి. నాణెం వేసి మీట లాగే జూదయంత్రాల మీద పెత్తనం బాటిస్టా బావమరిదిది. వీధులలో కార్లు నిలిపేచోట పెట్టిన పార్కింగు మీటర్ల రాబడి కూడా అతనికే చేరుతున్నదని ఊరంతా చెప్పుకునేది. 1953 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 23.6 మంది నిరక్షరాస్యులు. పల్లెలలో నూటికి 41.7. ఆ పల్లెలనుంచి చచ్చిన కాలంలో పనికోసం హవానా చేరిన మనిషికి రివియేరా దీపాలు కనిపించేవి. 2074 నంబరు చట్టాన్ని అతడు చదవలేడు. దాని సారాంశం మాత్రం అతనికి బాగా తెలుసు.

1959 జనవరి 1 తెల్లవారకముందే బాటిస్టా విమానమెక్కి పారిపోయాడు. ఆ రోజు హవానా జనం జూదశాలలలోకి చొరబడి బల్లలు విరిచారు, యంత్రాలు బద్దలు కొట్టారు. వాటితోపాటు వీధులలోని పార్కింగు మీటర్లనూ పగలగొట్టారు. జూదానికీ పార్కింగు మీటరుకూ సంబంధమేమిటి? గుడ్డికోపం అనుకున్నవాళ్ళున్నారు. అది గుడ్డిది కాదు, లెక్క తెలిసిన కోపం. రెండు పెట్టెలలోని నాణేలూ ఒకే సంచిలో పడతాయని జనానికి తెలుసు. ఏ విచారణ సంఘమూ రాయని నివేదికను ఆనాడు వీధి రాసింది.

అయితే కోపంతో కథ ముగియలేదు. జూదశాలలు మూయగానే వాటిలో పనిచేసే కార్మికులు మా బతుకు ఏమిటని అడిగారు. వాళ్ళ ఒత్తిడివల్ల కొత్త ప్రభుత్వం 1959 ఫిబ్రవరిలో వాటిని కొంతకాలం తిరిగి తెరవవలసి వచ్చింది. ముఠా ఇచ్చినా, మహారాజు ఇచ్చినా కూలి కూలే. ప్రత్యామ్నాయం చూపకుండా తలుపుకు తాళం వేస్తే ఆ తాళం కార్మికుడి కడుపుకు పడుతుంది. పాత లాటరీ సంస్థను ఇళ్ళ నిర్మాణానికి పొదుపు సంస్థగా మార్చారు. 1960లో పెద్ద హోటళ్ళు జాతీయమైనవి. కాసినోలు కాలగర్భంలో కలిసినవి. వాటిని అంతం చేసినది మంత్రి ప్రకటన కాదు, ఆస్తి చేతులు మారడం.

హవానా పోగొట్టుకున్న ముఠాలు పక్కనే వున్న బహామా దీవులను పట్టుకున్నాయి. అక్కడ జూదం చట్టవిరుద్ధం. 1963లో శ్వేతవర్తక ప్రభుత్వం ఒక మినహాయింపు పత్రం మంజూరు చేసింది, 1964లో ఫ్రీపోర్టులో కాసినో తెరుచుకున్నది. మంత్రులు కన్సల్టెన్సీ ఫీజుల పేరిట డబ్బు తీసుకుంటున్న సంగతి 1966లో పత్రికలకెక్కింది. 1967 జనవరి ఎన్నికలలో నల్లజాతి ప్రజల పార్టీ అధికారానికి వచ్చింది. విచారణ సంఘం ఆ ఫీజులు నిజమేనని తేల్చింది. కాసినోలు మాత్రం కొనసాగాయి. 1984లో మాదకద్రవ్యాల రవాణామీద ఇంకొక విచారణ సంఘం నివేదిక వచ్చేసరికి, ఆనాడు గెలిచిన ప్రధానమంత్రి దంపతుల ఖర్చు వారి రాబడిని ఎంతో మించినట్టు బయటపడింది. అది మాదకద్రవ్యాల సొమ్మన్నది నిర్ధారణ కాలేదు. అయినా పాలకుడి రంగు మారినంతమాత్రాన లెక్కల పుస్తకం తెరుచుకోదని ప్రజలు మళ్ళీ గ్రహించారు.

క్యూబా విషయంలోనూ మనం కళ్ళు మూసుకోరాదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయిన తరువాత, అమెరికా దిగ్బంధం నడుమ, ఆ దేశం తిరిగి టూరిస్టు డాలర్లను ఆశ్రయించవలసి వచ్చింది. 1993లో డాలరు చెలామణీని అనుమతించారు. హోటళ్ళ చుట్టూ వ్యభిచారమూ దళారీతనమూ మళ్ళీ కనిపించాయి. జూదశాలలు తిరిగి రాలేదు, కాని టూరిస్టు చేతిలోని నోటుకూ డాక్టరు జీతానికీ మధ్య అగాధం తిరిగి వచ్చింది. ఏ దేశమైనా తన బతుకును పరదేశి విలాసానికి తాకట్టు పెట్టుకున్నచోట, ఆ తాకట్టు పత్రం రాసేందుకు దళారీ పుట్టుకువస్తాడు. జెండాను చూసి వాడు ఆగడు.

కాబట్టి ప్రజలు ప్రభుత్వాన్ని నమ్మడం లేదని విలపించేవారిని మనం ఎదురు ప్రశ్నించాలి. లైసెన్సు ఎవరి పేర వుంది? అప్పు ఏ బ్యాంకు ఇచ్చింది? చిల్లర పెట్టె తాళంచెవి ఎవరి బావమరిది దగ్గర వుంది? ఈ ప్రశ్నలకు జవాబు లేని వాగ్దానాన్ని నమ్మకపోవడం ప్రజల జబ్బు కాదు, వాళ్ళ ఆరోగ్యం. అయితే 1952 మార్చి నాటి మౌనాన్ని కూడా మరచిపోరాదు. ‘అందరూ దొంగలే’ అని ఇంట్లో కూర్చున్నవాడి అపనమ్మకం, ‘లెక్క చూపించు’ అని వీధిలో నిలబడ్డవాడి అపనమ్మకం ఒకటి కావు. మొదటిదాన్ని రెండవదిగా మార్చడమే విద్యార్థులూ వుపాధ్యాయులూ రచయితలూ చేయవలసిన పని.