ప్రకటనయు, చర్చయు

కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని కాగజ్‌నగర్ పేరులోనే కాగితము కలదు. పూర్వము ఆ ఊరు కొత్తపేట. 1938లో స్థాపింపబడిన సిర్పూరు కాగితపు మిల్లు అచట 1942లో ఉత్పత్తి ప్రారంభించెను. అడవి వెదురును ముక్కలుగా నఱికి, రసాయనములతో ఉడికించి, నారను వేఱుపఱచి, ఆ గుజ్జును జల్లెడపై పలుచగా పఱచి నీరు తీసినచో కాగితమగును.

అది ద్వితీయ ప్రపంచ యుద్ధకాలము. కాగితమునకు కఱవు వచ్చి పత్రికలు పుటలను తగ్గించుకొనెను. అట్టి వేళ విద్వత్పత్రికా సంపాదకునకు ఒక చిక్కు కలుగును. ఏ సభ ఎన్నడు జరుగునో, ఏ గ్రంథము వెలువడెనో తెలుపు ప్రకటనలు ఒకవైపు. ఒకరి సిద్ధాంతమును మఱియొకరు పరీక్షించు చర్చలు వేఱొకవైపు. ప్రకటనకు గడువు కలదు. నెల దాటినచో అది వ్యర్థము. చర్చకు గడువు లేదు. కావున వాయిదా పడునది చర్చయే. పరీక్ష లేనిచో పొరపాటు సత్యముగా చెలామణి యగును.

ఈ చిక్కు విద్వత్పత్రికలతోనే పుట్టినది. 1665లో లండనున రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' ప్రారంభించెను. తెల్లని వెలుగు పెక్కు వర్ణముల మిశ్రమమని న్యూటను 1672లో అందు ప్రకటించెను. పారిస్ పండితుడు పార్డీ ఆక్షేపణ తెలిపెను. న్యూటను లెక్కలతో సమాధానము చెప్పెను. పార్డీ తృప్తి చెందెను. ఈ లేఖలన్నియు అచ్చుపడెను. కాని లియేజ్ నగరవాసియగు లైనస్ ప్రయోగమునే శంకించి తెచ్చిన వాదము ఏండ్ల తరబడి సాగెను. అతడు మరణించిన పిదప శిష్యులు దానిని కొనసాగించిరి. న్యూటను విసిగిపోయెను.

ఈ రెండు వాదముల భేదమే సంపాదకునకు కొలబద్ద. క్రొత్త ప్రయోగమునో, క్రొత్త లెక్కనో తెచ్చు చర్చకు చోటీయవలెను; చెప్పినదే చెప్పుదానికి ఒక్కమాఱు చాలును. 1869లో వెలువడిన 'నేచర్' వార్తలను, లేఖలను వేర్వేఱు శీర్షికల క్రింద ముద్రించెను. రెంటికిని వేఱు గదులున్నచో ఒకటి మఱియొకదానిని త్రోసివేయజాలదు.

ప్రకటన చర్చకు శత్రువు కానక్కఱలేదని మన హైదరాబాదే చూపినది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను మాట ఒకటి పుట్టెను. 1926 నుండి 'గోలకొండ పత్రిక' నడుపుచుండిన సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు కోపముతో మాత్రమే బదులు చెప్పియుండినచో అది ఎడతెగని వాదమై యుండెడిది. ఆయన కవితలను, కవుల వివరములను ఆహ్వానించి సేకరించెను. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడెను. చర్చ ప్రశ్నను పుట్టించెను; ఆహ్వానము ఆధారములను తెచ్చెను; వాదము ముగిసెను.

2014లో ఆగిన సిర్పూరు మిల్లు 2018లో మరల నడచినది. మిల్లు కాగితమునే ఈయగలదు. దానిపై సగము చోటు వార్తకును, సగము చోటు ప్రశ్నకును మిగుల్చుట సంపాదకుని పని. ఆ ప్రశ్నకు ఆధారముతో బదులు వ్రాయుట పాఠకుని పని.